గోడ కన్నా గాజే ఎక్కువైన మేడ: డెర్బీషైర్‌లోని హార్డ్‌విక్ హాల్

ఇంగ్లండులోని డెర్బీషైర్ కౌంటీలో, చెస్టర్‌ఫీల్డ్ పట్టణానికి సమీపాన గుట్ట మీద నిలిచిన హార్డ్‌విక్ హాల్, ఎం1 రహదారిపై వెళ్లేవారికి దూరం నుంచే కనిపిస్తుంది. చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ నిర్వహణలో ఉన్న ఈ భవనానికి ఒక పూట చాలుననుకుని వెళ్లాను గానీ, రోజంతా గడిపినా తనివి తీరక మరోసారి వెళ్లవలసి వచ్చింది.

ఒక సాధారణ భూస్వామి ఇంట పుట్టి, నాలుగుసార్లు వివాహమాడి, నలుగురు భర్తలనూ పోగొట్టుకుని, చివరకు కౌంటెస్ ఆఫ్ ష్రూస్‌బరీగా అపారమైన సంపదకు యజమానురాలైన బెస్ ఆఫ్ హార్డ్‌విక్ ఈ మేడను 1590లో మొదలుపెట్టి 1597 నాటికి కాపురానికి సిద్ధం చేయించింది. రూపకల్పన రాబర్ట్ స్మిత్‌సన్‌దని చరిత్రకారుల అభిప్రాయం. ఆరు బురుజుల మీదా ఆకాశానికి ఎదురుగా కనిపించే ఇ, ఎస్ అనే రాతి అక్షరాలు ఎలిజబెత్ ష్రూస్‌బరీ అన్న ఆమె పేరుకు గుర్తులు.

గాజు ఎంతో ఖరీదైన ఆ కాలంలో బయటి గోడలను ఇంతగా కిటికీలకు వదిలివేయడం ఎలా సాధ్యమైందో లోపలికి వెళ్లి చూస్తేనే బోధపడుతుంది. పొగగొట్టాలను చాలావరకు లోపలి గోడల్లోనే ఇమిడ్చారు. పైకి వెళ్లేకొద్దీ కిటికీల ఎత్తు పెరుగుతుంది, ఎందుకంటే అతిథులను ఆదరించే ఘనమైన గదులన్నీ అన్నిటికన్నా పై అంతస్తులోనే ఉన్నాయి. ఆ గదులకు చేర్చే వెడల్పాటి రాతి మెట్లను నిదానంగా ఎక్కమని చెబుతాను. మలుపు మలుపుకూ వెలుగు మారే తీరు అప్పుడే తెలుస్తుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలిపింది పై అంతస్తులోని లాంగ్ గ్యాలరీ. అక్కడ వేలాడే, బైబిలులోని గిద్యోను కథను నేసిన పదమూడు భారీ టేపెస్ట్రీలను (బొమ్మలు నేసిన గోడ తెరలను), ఎలిజబెత్ రాణి కొలువులోని ప్రముఖుడు సర్ క్రిస్టఫర్ హాటన్ మరణానంతరం 1592లో బెస్ కొనుగోలు చేసింది. వాటిలో నేసి ఉన్న హాటన్ వంశచిహ్నాల మీద తన చిహ్నాలు చిత్రించిన గుడ్డముక్కలను కుట్టించిందని తెలిశాక, ఒక్కో తెరలోనూ ఆ చోటును వెతుక్కుంటూ నడిచాను. నాలుగు శతాబ్దాల పొగ, దుమ్ము, వెలుతురు వీటిని బలహీనపరచగా, ఒకటి తరువాత ఒకటిగా శుభ్రపరిచి బాగుచేసే పని ఇరవై నాలుగేళ్లు సాగి 2023లో పూర్తయింది. అంతకు ముందే, ఈ ఇంట చివరిగా నివసించిన డచెస్ ఎవలిన్ స్వయంగా సూది పట్టి ఇక్కడి పాత నేతలను బాగుచేసేదన్న సంగతి నా మనసును తాకింది.

వెలుగు కోసమే కట్టిన ఈ మేడలో ఇప్పుడు అనేక గదులు మసక వెలుతురులో ఉంటాయి, ఎండ తగిలితే రంగులు వెలిసిపోతాయి కనుక. నా దృష్టిలో ఇది లోపం కాదు. లోపలికి వెళ్లగానే కొన్ని నిమిషాలు కదలకుండా నిలబడి కళ్లను అలవాటు పడనిస్తే, హై గ్రేట్ ఛాంబర్ గోడల పైభాగాన రంగులద్దిన సున్నపు పనిలో వేటదేవత డయానా, ఆమె చుట్టూ ఉన్న చెట్లు, జింకలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

పక్కనే కప్పు లేని శిథిలంగా నిలిచిన ఓల్డ్ హాల్‌ను కూడా బెస్సే కట్టించింది. దానికి గంటసేపు కేటాయించాలి. సాయంత్రం మాత్రం మేడ ముందరి తోటలోకి తిరిగి రండి. ముఖద్వారం పడమటి దిక్కున ఉన్నందున, పొద్దు వాలే వేళ ఆ గాజంతా ఒక్కసారిగా మెరుస్తుంది.