సంతకానికి ముందు ఆపేసిన మాట: ఒక క్లినికల్ ట్రయల్ విభాగం సేవలపై సమీక్ష

మోకాళ్ళ నొప్పుల మందుపై జరుగుతున్న క్లినికల్ ట్రయల్ కోసం మా అమ్మను హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి పరిశోధన విభాగానికి మలక్‌పేట నుంచి నాలుగుసార్లు తీసుకువెళ్ళాను. అక్కడి సిబ్బంది మంచివారు. వారు చేతికిచ్చే తెలుగు సమ్మతి పత్రం మాత్రం మారాలి.

పత్రం మూడో పేజీలో "ఇది ద్వంద్వ అంధత్వ అధ్యయనం" అని ఉంది. నిరుడే శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న అమ్మ ఆ వాక్యం మీద వేలు ఆనించి, "ఈ మందుతో రెండు కళ్ళూ పోతాయా నాన్నా?" అని అడిగి, పెన్ను పక్కన పెట్టేసింది.

కోఆర్డినేటర్‌గా ఉన్న అమ్మాయి వెంటనే కుర్చీ దగ్గరకు జరుపుకొని, "కళ్ళకు ఏమీ కాదమ్మా. మీకిచ్చేది అసలు మందో, మందు లేని మాత్రో మీకూ తెలియదు, చూసే డాక్టరుగారికీ తెలియదు, అంతే" అని చెప్పి, కోడ్ నంబరు తప్ప మరే తేడా లేని రెండు డబ్బాలు చూపించింది. నొప్పి ఎంత తగ్గిందో రోగి నోటి మాట మీదే కొలవాలి కనుక, అసలు మందే వేసుకుంటున్నానని ముందే తెలిస్తే ఆ నమ్మకం జవాబులోకి వచ్చేస్తుందని, ప్రాణం మీదికి వస్తే మాత్రం కోడ్ తెరిచి చూస్తారని ఓపికగా వివరించింది. అమ్మ అప్పుడే సంతకం చేసింది.

పత్రంలో "ద్వంద్వ అంధత్వం"గా మారిన ఇంగ్లీషు మాట డబుల్ బ్లైండ్‌లోని బ్లైండ్ అంధత్వం కాదు, కళ్ళకు గంతలు. 1784లో పారిస్‌లో మెస్మర్ అనే వైద్యుడి "జంతు అయస్కాంత" చికిత్సను పరీక్షించిన సంఘం, అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఉన్నారు, నిజంగానే రోగులకు గంతలు కట్టి చూసింది. కంటి వైద్య పరిశోధకులైతే ఈ తికమక వద్దనే "మాస్కింగ్" అనే మాట వాడుతుంటారు. ఎవరెవరికి తెలియకుండా ఉంచారో విడమరచి రాయమని, ట్రయల్ నివేదికలు ఎలా రాయాలో చెప్పే కన్సార్ట్ మార్గదర్శకాలు 2010లోనే చెప్పాయి. పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో పత్రం ఉండాలని మన దేశపు 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు కోరుతున్నాయి. తెలుగు లిపిలో అచ్చు వేసినంత మాత్రాన అది అర్థమయ్యే భాష అయిపోదు.

మిగతా సేవలకు వంక పెట్టను. దారిఖర్చులు ఏ రోజువి ఆ రోజే ఇచ్చారు, రక్తం తీసే చేయి నెమ్మదైనది.

ఆ వాక్యాన్ని మార్చమని ఎథిక్స్ కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చాను. నాలుగోసారి వెళ్ళినప్పుడు, కొత్తగా వచ్చిన ఒక పెద్దాయన చేతిలో అదే మూడో పేజీ కనిపించింది.