మాయాబజార్: మా ఇంట్లో మూడు కాపీలు

1957 నాటి ‘మాయాబజార్’ చిక్కడపల్లిలోని మా ఇంట్లో మూడు రకాలుగా ఉంది. కోఠీలో కొన్న వీసీడీ, నలుపు తెలుపు డీవీడీ, 2010లో రంగులద్ది విడుదల చేశాక వచ్చిన రంగుల డీవీడీ. ఏళ్ల తరబడి మార్చి మార్చి చూశాను. ఏది కొనమంటావని అడిగితే నలుపు తెలుపు డీవీడీయే అంటాను.

వీసీడీ సంగతి సరే. డిస్కుకి 80 నిమిషాలు మించి పట్టదు, సినిమా 184 నిమిషాలు. కథ మంచి పట్టులో ఉండగా లేచి డిస్కు మార్చాలి.

రంగుల డీవీడీ పెట్టిన మొదటి రోజు ఇంటిల్లిపాదీ నోరెళ్లబెట్టాం. ‘వివాహభోజనంబు’ దగ్గర పిల్లలకి నిజంగానే ఆకలేసింది. సౌండ్ కూడా శుభ్రంగా ఉంది. కానీ దాదాపు చదరంగా తీసిన సినిమాని వెడల్పు తెరకి సరిపెట్టారు కదా, దగ్గర షాట్లలో కిరీటాల కొసలు ఎగిరిపోయాయి. నిడివీ తగ్గింది. అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది ‘లాహిరి లాహిరి’. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే పట్టిన ఆ వెన్నెల తెలుపుకీ నలుపుకీ మధ్య ఎక్కడో ఉంటుంది. రంగులో పడవ ఉంది, నీళ్లున్నాయి, వెన్నెల పోయింది. టీవీలో కలర్‌ని సున్నాకి దించి కూడా చూశాను. మొహాలు బూడిద రాసినట్టయ్యాయి తప్ప ఆ వెలుగు తిరిగి రాలేదు.

నలుపు తెలుపు డీవీడీకీ లోపాలున్నాయి. మూలన కంపెనీ లోగో సినిమా అయ్యేదాకా కదలదు. అక్కడక్కడా గీతలు. నా మొదటి కాపీ శశిరేఖా పరిణయం దాకా వచ్చి ఆగిపోయేది. కొట్టువాడు మార్చనన్నాడు, మళ్లీ కొన్నాను. అయినా దుస్తుల మీద జరీ, ప్రియదర్శిని పేటికలోకి చూసేటప్పుడు సావిత్రి కళ్లలో మెరుపు ఇందులోనే బాగా తెలుస్తాయి.

కొన్నాక టీవీని 4:3లో, అంటే పాత సినిమాల దాదాపు చదరపు కొలతలో, పెట్టుకోండి. అటూ ఇటూ నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి. మా అమ్మకి అవి గిట్టవు. “సగం టీవీ ఖాళీగా ఉందేంట్రా” అని నేను లేనప్పుడు ఫుల్ స్క్రీన్‌కి మార్చేస్తుంది. శశిరేఖ అడ్డంగా సాగి లావుగా కనిపిస్తోంది కదమ్మా అంటే, “ఉండదా మరి? లోపలున్నది ఘటోత్కచుడే కదరా” అంది.