గ్లైఫోసేట్ 41 శాతం: తోటల్లో ఏళ్ల తరబడి వాడాక

తోటల్లో, నడకదారుల వెంట, కంచెల కింద ఈ గడ్డి మందును చాలా ఏళ్లుగా వాడుతున్నాం. పనితనానికి వంక పెట్టలేం. గరిక, తుంగ లాంటి మొండి కలుపును వేళ్లదాకా చంపే మందులు తక్కువే. కానీ "మనుషులకేం కాదు, నేలలో పడగానే విరిగిపోతుంది" అని చెప్పి అమ్మే మాటలో సగమే నిజం.

మొక్కలు కొన్ని అమైనో ఆమ్లాలు తయారు చేసుకోవడానికి వాడే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. ఆ ఎంజైము మనుషుల్లో లేదు. మట్టి రేణువులకు గట్టిగా అతుక్కుంటుంది కాబట్టి పక్క మొక్కల వేళ్లు దీన్ని పెద్దగా పీల్చుకోవు. అయితే అతుక్కోవడం వేరు, విరిగిపోవడం వేరు. సూక్ష్మజీవులు దీన్ని విరిచేసరికి నేలను బట్టి కొద్ది రోజులు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. ఈలోగా గట్టి వాన పడితే మట్టితోపాటే కొట్టుకుపోతుంది. రాళ్లు పరిచిన దారుల మీదైతే అతుక్కోవడానికి మట్టే ఉండదు, నేరుగా కాలువలోకి పోతుంది. అందుకే అలాంటి చోట్ల కొట్టడం పూర్తిగా మానేశాం. రాళ్ల సందుల్లో మొలిచినదాన్ని కత్తి మొనతో పీకడమే మేలు.

నీటికి ఇంకో ముప్పుంది. మందు ఆకుకు పట్టడానికి చాలా బ్రాండ్లలో కలిపే పీఓఈఏ అనే సబ్బులాంటి పదార్థం చేపలకు, కప్పపిల్లలకు గ్లైఫోసేట్ కన్నా ఎక్కువ హాని చేస్తుంది. గ్లైఫోసేట్ మందుల్లో దీన్ని కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2016లోనే నిషేధించింది. కుంటల గట్ల మీద పీఓఈఏ కలిసిన మామూలు మందు అసలు వాడకూడదు.

క్యాన్సర్ సంగతి తేలలేదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ గ్లైఫోసేట్‌ను "బహుశా క్యాన్సర్ కారకం" వర్గంలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఆ అవకాశం లేదంటోంది. యూరోపియన్ యూనియన్ 2023లో మరో పదేళ్లకు అనుమతి పొడిగించింది. అది తేలేదాకా ఆగకుండా ఒంటికి తగలకుండా చూసుకోవడమే మా పద్ధతి. సీసాలోంచి చిక్కటి మందు వంచేటప్పుడే ప్రమాదం ఎక్కువ. నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. గుడ్డ గ్లవ్స్ మందును పీల్చి చర్మానికే అంటిస్తాయి. కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లు పోసి కడిగి, డాక్టరుకు చూపించాలి. స్ప్రేయర్ మూత వాషర్ అరిగితే వంగినప్పుడల్లా మందు వీపు మీదికి కారుతుంది, చొక్కా తడిసేదాకా తెలియదు. ముందు మంచినీళ్లు నింపి, వంగి లేచి చూడండి.

15 లీటర్ల ట్యాంకుకు 150 మి.లీ. చాలు, తుంగకు 225 దాకా పోవచ్చు. బురద నీళ్లలో కలిపితే మందు మట్టికే పట్టేసి పని చేయదు. నీళ్లు ఉప్పగా, సబ్బు నురగ రానంత కఠినంగా ఉంటే ముందు లీటరుకు 20 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ కరిగించి, ఆ తర్వాత మందు పోయాలి. జింకు పూత బకెట్లో కలపొద్దు, మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు పుడుతుంది.

ఎక్కువమంది పొరపడేది తొందరలోనే. మూడో రోజుకి పచ్చగానే ఉందని రెట్టింపు కొడతారు, లేదా కోసేస్తారు. గరిక పండుబారడానికి వారం, పది రోజులు పడుతుంది. అప్పటిదాకా కదపకపోతేనే మందు వేళ్లలోకి దిగుతుంది. గాలికి సన్నటి తుంపర గులాబీల మీద పడితే తర్వాత వచ్చే చిగుళ్లు దారాల్లా సన్నబడి, పాలిపోయి గుత్తులు కడతాయి. మందును విసనకర్రలా పరిచే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్, తక్కువ ప్రెషర్, తుంపర చెదరకుండా నాజిల్ చుట్టూ మూతలాంటి హుడ్ ఉండాలి. లేత చెట్ల పచ్చి బెరడుకు ఒక్క చుక్కా తగలనివ్వొద్దు.

కొనేముందు లేబుల్ మీద మందు పేరు చదవండి. గడ్డి మందు పేరుతోనే అమ్మే పారాక్వాట్ కొద్దిగా మింగినా ప్రాణం తీస్తుంది, దానికి విరుగుడు లేదు. "నెలల తరబడి గడ్డి మొలవదు" అనే వాటిలో ఇమాజాపైర్ ఉంటే చెట్ల వేళ్లు దాన్ని పీల్చి, చెట్లే ఎండిపోతాయి.

ఇప్పుడు మేం పిచికారీ బాగా తగ్గించాం. పూలమళ్ల మధ్య తుంగకు మాత్రం ఒక వంతు మందు, రెండు వంతుల నీళ్లు కలిపి, స్పాంజితో ఆకులకే పూస్తున్నాం.