4 లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్ పికప్: ఇంకా నడపాలా, మార్చేయాలా?

ఈ సమీక్ష నాలుగు సిలిండర్ల కామన్‌రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే) డీజిల్ పికప్ మీద. ఐదు గేర్ల మాన్యువల్, నిచ్చెన ఛాసిస్, వెనక కమాన్ పట్టీలు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లేని కాలం నాటి బండి. వయసు 14 ఏళ్లు, మీటరు 4,12,000. ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. చెడిపోయిన బండిని వదిలించుకోవడానికి ఎవరి సలహా అక్కర్లేదు. చక్కగా నడుస్తున్న పాత బండిని ఎప్పుడు వదలాలన్నదే తేలదు. ఇన్నేళ్ల వాడకం తర్వాత నా తీర్పు ముందే చెబుతాను: మీటరు చూసి మార్చకండి, ఇంజిన్ చూసి కూడా తొందరపడకండి. ఛాసిస్‌ని, వైరింగుని, దారిలో చెప్పాపెట్టకుండా ఆగిపోయిన సార్లను చూసి నిర్ణయించండి.

మీటరు సగం నిజమే చెబుతుంది. లోడు లేకుండా హైవే మీద తిరిగిన 4 లక్షలు వేరు, తొట్టి నిండా బరువుతో మొదటి రెండు గేర్లలో ఘాటెక్కిన 2 లక్షలు వేరు. బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్న సమయం మీటరుకి ఎక్కదు. గంట ఐడిలింగ్ అంటే సుమారు 40, 50 కిలోమీటర్ల అరుగుదలతో సమానమని ఒక మోటు లెక్క. రోజుకి రెండు గంటలు అలా నిలబెట్టి నడిపే బండికి ఏడాదికి 30 వేల కిలోమీటర్లు కనపడకుండా కలిసినట్టే. కాబట్టి మీటరు చిన్నదని పొంగిపోవద్దు, పెద్దదని బెంబేలెత్తవద్దు.

ఇంజిన్ సంగతి. "బోరుకొచ్చింది, మార్చెయ్" అనే మాట ఎవరైనా అంటే ముందు అంకెలు అడగాలి. మొదటిది కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి. గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్ కోసం సిలిండర్‌ని వేడి చేసేవి) విప్పి, వాటి స్థానంలో గేజి బిగించి, ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకి, నిండు బ్యాటరీతో సెల్ఫ్ తిప్పి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న డీజిల్ ఇంజిన్ సాధారణంగా 25 నుంచి 30 బార్ చూపిస్తుంది. 20కి దగ్గరైతే చలిలో స్టార్టింగ్ మొండికేస్తుంది. కచ్చితమైన హద్దు బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే నమ్మండి. అంకె ఎంతన్న దానికంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. నాలుగూ సమానంగా 24 ఉంటే అది వయసు. మూడు 27 ఉండి ఒకటి 19 ఉంటే అది జబ్బు: వాల్వు కాలిందో, రింగు విరిగిందో, హెడ్ గ్యాస్కెట్ పోయిందో తేల్చాలి.

రెండోది ఆయిల్ తాగడం. చాలా కంపెనీలు 1,000 కిలోమీటర్లకి 1 లీటరు దాకా సహించదగినదే అంటాయి. నాకు ఆ అంకె కంటే దాని నడక ముఖ్యం. ఆయిల్ మార్చిన రోజు నుంచి డిప్‌స్టిక్ చూసి, పోసిన ప్రతి అరలీటరూ తేదీతో, మీటరుతో రాసిపెట్టుకోవాలి. 5,000 కిలోమీటర్లకి అరలీటరు తాగే ఇంజిన్ మూడేళ్లయినా అంతే తాగుతుంటే దాని జోలికి పోవద్దు. ఆరు నెలల్లో అది రెండు లీటర్లయితే కారణం వెతకాలి. అన్నిసార్లూ రింగులే కావు. టర్బో సీలు కావచ్చు, వాల్వు స్టెమ్ సీళ్లు కావచ్చు, బ్రీదర్ పైపు పూడుకుపోయి ఉండవచ్చు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని తిరగేసి రంధ్రం మీదే పెట్టండి. కొద్దిగా వణికితే మామూలే. ఎగిరి పడితే గ్యాసు రింగులు దాటి కిందికి దిగుతోందని అర్థం.

ఈ వయసు కామన్‌రైల్ ఇంజిన్లను షెడ్డుకి తోలుకెళ్లేవి ఎక్కువగా ఇంజెక్టర్లే. సెల్ఫ్ చక్కగా తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. రైల్‌లో ఒత్తిడి సుమారు 200 బార్ దాటితే తప్ప ఇంజెక్టర్లు తెరుచుకోవు. అరిగిన ఇంజెక్టర్ ఆ ఒత్తిడిని రిటర్న్ పైపులోకి వదిలేస్తుంది. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. నాలుగు రిటర్న్ పైపులూ విప్పి, నాలుగు ఒకే కొలత సీసాల్లోకి పెట్టి, రెండు నిమిషాలు ఐడిల్‌లో నడపండి. మూడు ఒకే మట్టానికి వచ్చి, నాలుగోది రెండింతలు నిండితే దొంగ దొరికినట్టే. ఇంజెక్టర్ మొదట్లో నల్లటి తారులాంటి మడ్డి పేరుకుని, "చస్ చస్" అని శబ్దం వస్తుంటే కింది రాగి వాషర్ లీకవుతోంది. వాషర్ చవక, దాన్ని వదిలేస్తే మసి ఆయిల్‌లో కలిసి సంపులోని జల్లెడ పూడిపోతుంది. అప్పుడు బేరింగులకి ఆయిల్ అందదు, చవక వాషర్ ఇంజిన్‌నే మింగేస్తుంది. ఇంజెక్టర్ విప్పిన ప్రతిసారీ కొత్త వాషర్ వేయాల్సిందే, పాతది రుద్ది వాడకూడదు.

టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే, గడువు బండిని బట్టి లక్ష నుంచి లక్షన్నర కిలోమీటర్లు. దానికి ఏళ్ల గడువు కూడా ఉంటుందని చాలామంది మరిచిపోతారు. డీజిల్ ఇంజిన్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. బెల్టుతో పాటు టెన్షనర్, ఐడ్లర్, దాని మీద తిరిగే వాటర్ పంపు కలిపే మార్చాలి, కూలీ ఒకటే కాబట్టి.

క్లచ్, గేర్‌బాక్స్ గురించి పెద్దగా చెప్పను, ఎందుకంటే అవి బండిని మార్చడానికి కారణాలు కావు. టాప్ గేర్‌లో 50లో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం లేచి వేగం లేవకపోతే క్లచ్ అయిపోయింది. గేర్‌బాక్స్‌కి జీఎల్-4 (గేర్ ఆయిల్ రకం) రాసి ఉంటే అదే పోయాలి. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకం రసాయనాలు గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగుల ఇత్తడిని తినేస్తాయి. వెనక డిఫరెన్షియల్‌లో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు మరోలా ఊళ వస్తే క్రౌన్ పినియన్, బేరింగులు చూడాలి. రివర్స్ నుంచి ముందుకి వేసినప్పుడు "టక్" మంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు చూడండి. ఇవన్నీ విప్పి బిగించే సామాన్లు.

ఛాసిస్ అలా కాదు. అందుకే ఇక్కడ కాసేపు ఆగాలి. పికప్ అంటే ఛాసిస్సే, మిగతావన్నీ దానికి బిగించినవి. టయోటా టకోమా పికప్ ఇంజిన్లకి ఎంత మంచి పేరున్నా, ఫ్రేము తుప్పు మీద అమెరికాలో నడిచిన దావాలో ఆ కంపెనీ 2016లో రాజీకి రావాల్సి వచ్చింది. ఇంజిన్ 5 లక్షలు తిరిగేదే అయినా, దాన్ని మోసే ఇనుము బతకకపోతే లాభం లేదు.

తుప్పు కళ్లకి కనపడేచోట మొదలవదు. వెనక కమాన్ పట్టీల హ్యాంగర్లు, వెనక యాక్సిల్ మీదుగా ఛాసిస్ పైకి వంగే చోటు, డీజిల్ ట్యాంకు పైభాగం, స్టెప్నీ వేలాడే దగ్గర, అడ్డకమ్మీలు కలిసే మూలలు వెతకాలి. పెట్టె ఆకారపు ఛాసిస్‌కి అడుగున నీరు పోయే రంధ్రాలుంటాయి. అవి మట్టితో మూసుకుపోతే తడి లోపలే ఉండి, లోపలి నుంచి తినేస్తుంది. బయట రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. కాబట్టి చూడటంతో సరిపెట్టకండి. చిన్న సుత్తితో అరడుగుకొకసారి తట్టుకుంటూ రండి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, కుళ్లినచోటు మొద్దుగా పలుకుతుంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. దిగబడితే లెక్క మారిపోయినట్టే. పైపొర పెచ్చులుగా రాలి, లోపల గట్టిగా ఉంటే గీకి, తుప్పు మార్చే ప్రైమర్ వేసి, లోపల మైనం లాంటి రక్షణ పూత కొట్టించి నడుపుకోవచ్చు.

రెండో గండం వంగడం. ఏళ్ల తరబడి తొట్టి వెనక చివర బరువెక్కించిన బండి క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య ఛాసిస్ కిందికి వాలుతుంది. బండిని చదునైన నేల మీద, ఖాళీగా నిలబెట్టి, క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందుని పైన, కింద రెండుచోట్లా టేపుతో కొలవండి. ముందు రెండిటి రబ్బరు మౌంట్లు అణిగిపోలేదని చూసుకోండి. కింద 30 మిల్లీమీటర్లు ఉండి, పైన 45 ఉంటే ఛాసిస్ వంగిందని గట్టి అనుమానం. స్టీరింగ్ బాక్సు బిగించిన చోట, అడ్డకమ్మీల వెల్డింగుల దగ్గర సన్నటి పగుళ్లు కూడా చూడాలి. చిన్న పగులుని పద్ధతి తెలిసిన వెల్డర్ బాగు చేయగలడు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ నెగటివ్ విప్పించండి, ఇంజిన్ కంప్యూటర్ కనెక్టర్లు పీకించండి. హ్యాంగర్ దగ్గర ఛాసిస్ చిల్లు పడితే మాత్రం నేను అతుకులు వేయించను. లోడుతో బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ పక్కకి జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది. కమాన్ పట్టీలు విప్పిన ప్రతిసారీ యూ బోల్టులు కొత్తవే వేయండి, ఒకసారి సాగిన బోల్టు మళ్లీ పట్టు నిలపదు.

వైరింగు ముసలి బండికి కనపడని రోగం. ఒకరోజు డాష్‌బోర్డులో లైట్లు, మర్నాడు మామూలు. సెన్సర్లు ఒక్కొక్కటే మారుస్తూ పోతే డబ్బు ఆవిరవుతుంది. ముందు ఎర్తులు చూడండి. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొస ఇంజిన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టండి. 0.3 వోల్టు దాటితే ఎర్తు తీగ పోయింది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. అన్నీ ఆపి, బండి నిద్రపోయాక లాగే కరెంటు 50 మిల్లీఆంపియర్లు మించకూడదు. ఎర్తులు బాగు చేసినా తప్పులు చోటు మారుతూ వస్తుంటే, హార్నెస్ (తీగల కట్ట) లోపల తీగల తొడుగు పెళుసైపోయింది. ఇక్కడే పాత బండి మీద నా నమ్మకం సడలుతుంది. రింగులు, బేరింగులు, క్లచ్ ప్లేటు ఎన్నేళ్లకైనా దొరుకుతాయి. కనెక్టర్లు, ప్లాస్టిక్ ట్యాంకులు, తలుపు తాళాల లోపలి సామాన్లు, ఎయిర్‌బ్యాగ్ సామాన్లే ముందు మార్కెట్ నుంచి మాయమవుతాయి. ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకుండా వెలుగుతుంటే అది పనిచేయదనే లెక్క వేసుకోండి.

ఇక డబ్బు. "రిపేరు ఖర్చు బండి విలువలో సగం దాటితే అమ్మెయ్" అనే సూత్రం తప్పుదోవ పట్టిస్తుంది. పాత బండి విలువ ఎప్పుడో పడిపోయింది, కాబట్టి ఏ రిపేరైనా సగం దాటినట్టే కనిపిస్తుంది. పోల్చాల్సింది కొత్త బండి ఏడాది ఖర్చుతో. కొత్త బండి ధర 100 అనుకోండి. పదేళ్లకి 25కి అమ్ముడుపోతుందనుకుంటే ఏడాదికి 7.5 విలువ కరుగుతుంది. వడ్డీ, ఎక్కువ బీమా కలిపి 4, నిర్వహణ 2 వేసుకుంటే మొత్తం 13.5. పాత బండి ఇప్పుడు 15 పలికితే, ఏడాదికి 1.5 కరుగుతుంది. రిపేర్లు 4, బీమా 1. మొత్తం 6.5. ఇంజిన్ ఓవర్‌హాల్‌కి 12 అయినా, అది నాలుగేళ్లు నడిస్తే ఏడాదికి 3. అప్పటికీ 9.5 మాత్రమే. ఈ అంకెల స్థానంలో మీ సొంత అంకెలు వేసుకోండి. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, ఆయిల్, ఫిల్టర్లు రిపేర్ల కింద రాయకండి, అవి కొత్త బండికీ తప్పవు.

కాగితం మీద పాత బండే గెలుస్తుంది. ఓడేది నిలిచిపోయిన రోజుల దగ్గర. పుస్తకంలో రెండు వరుసలు పెట్టండి: ముందే తెలిసి షెడ్డుకి వెళ్లిన రోజులు ఒకటి, దారిలో ఆగిన రోజులు ఇంకొకటి. మొదటి వరుస ఎంత పొడవున్నా ఫర్వాలేదు, ఎందుకంటే ఆ రోజు పని ముందే సర్దుకుంటారు. రెండో వరుసలో 12 నెలల్లో మూడు చేరితే, అవి మూడు వేర్వేరు కారణాలతో వస్తే, బండి గడువు దగ్గర పడింది. ఒకే కారణంతో మూడుసార్లు ఆగితే అది బండి తప్పు కాదు, మొదటిసారే రిపేరు సరిగా జరగలేదు.

కొత్త దాన్ని కొనేముందు మీ వాడకం దానికి సరిపోతుందో చూడాలి. డీపీఎఫ్ ఉన్న డీజిల్ తన ఫిల్టర్‌లోని మసిని సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చుకోవాలి. దానికి 15, 20 నిమిషాల ఏకధాటి పరుగు కావాలి. మూడు కిలోమీటర్లు వెళ్లి ఆగి, మళ్లీ మూడు కిలోమీటర్లు వెళ్లే పనికి అది పూడిపోతుంది. కాల్చడం మధ్యలో ఆగినప్పుడల్లా డీజిల్ ఆయిల్‌లోకి దిగి, డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. పెరిగితే ఆయిల్ వెంటనే మార్చాలి. కొత్తవాటి పక్షాన గట్టి మాట ఒకటే, కానీ చాలా గట్టిది: జారినప్పుడు బండిని నిలబెట్టే ఈఎస్‌సీ, సరైన ఎయిర్‌బ్యాగులు. తడి రోడ్డు మీద ఖాళీ పికప్ వెనక భాగం ఎంత తేలిగ్గా తిరుగుతుందో నడిపినవాళ్లకి తెలుసు. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి అయితే ఈ ఒక్క కారణంతో ముందే మార్చడం నాకు న్యాయంగానే తోస్తుంది.

మార్చాలని తేలాక బండి ఆగిపోయేదాకా ఆగకండి. నడుస్తున్న బండికి, లాక్కెళ్లాల్సిన బండికి పలికే ధరలో చాలా తేడా ఉంటుంది. అమ్మే ఏడాది క్లచ్, టైమింగ్ బెల్టు, నాలుగు టైర్లు కొత్తవి వేయిస్తే ఆ డబ్బు ధరలో తిరిగి రాదు. అందుకే పెద్ద గడువులు మూడూ దగ్గర పడే ముందు, బండి చేతిలో చక్కగా ఉండగానే నిర్ణయం జరగాలి. ఈ సమీక్షలోని బండికి తర్వాతి బెల్టు గడువు 4,50,000 దగ్గర. అప్పటికి సుత్తి దెబ్బకి ఛాసిస్ ఇంకా ఖణేల్‌మంటుంటే, రెండో వరుసలో మూడు చేరకపోతే, కొత్త బెల్టు పడుతుంది.