మన్ననూరులో జెజెబెల్

మా చిన్నోడికి పులి అక్కర్లేదు, సీతాకోకచిలుకలు కావాలి. అందుకే దసరా సెలవుల్లో శ్రీశైలం రోడ్డు పట్టుకుని అచ్చంపేట చేరాం. మన్ననూరులో అటవీశాఖ కాటేజీలు ముందే బుక్ చేసుకోవాలి, ఆలస్యం చేసింది మేమే. దొరికిన లాడ్జిలో పరుపులు శుభ్రం. వేడినీళ్లు మాత్రం యాప్‌లో ఉన్నాయి గానీ కుళాయిలో లేవు.

పొద్దున్నే పులులుండే అడవిలో ఫర్హాబాద్ జీపు సఫారీ. వ్యూపాయింట్ నుంచి నల్లమల లోయ చూశాక ఇచ్చిన డబ్బులు గిట్టినట్టే అనిపించింది. కానీ దారిలో జీపు దిగనివ్వరు. అడవిలో అది సబబే, కాకపోతే ఆ వేగంలో సీతాకోకలు కనబడేదెక్కడ? మల్లెలతీర్థం జలపాతం నయం. మెట్లు దిగేటప్పుడు హుషారే, ఎక్కేటప్పుడే మోకాళ్లు గుర్తొస్తాయి. కింద తడి ఇసుక మీద లేత పసుపు సీతాకోకలు గుంపుగా వాలి లవణాలు పీలుస్తున్నాయి. ఎక్కువగా మగవే అట్లా చేస్తాయి. పక్కనే చిప్స్ కవర్లు, చెప్పేదేముంది.

మేం వెతికిన సీతాకోక చివరికి మన్ననూరు దగ్గర ఒక టీకొట్టు వెనక దొరికింది. అక్కడి మామిడిచెట్టుకు బదనిక పట్టింది, అంటే కొమ్మల మీద మొలిచి చెట్టు సారం పీల్చే మొక్క. తోటవాళ్లకు అది పీడ, ఈ సీతాకోకకు పురిటిల్లు. ఆ ఆకుల మీదే గుడ్లు వరసగా పెడుతుంది, పురుగులూ కలిసే మేస్తాయి. ఎగురుతుంటే తెల్లటి రెక్కలు, నల్ల ఈనెలు, అంతే. వాలి రెక్కలు మూసిందా, అడుగున నిండు పసుపు, అంచున కుంకుమబొట్లు పేర్చినట్టు ఎర్రమచ్చలు. చీరకు అందం లోపలివైపు నేయించుకున్నట్టుంది. నన్ను తింటే రుచించను అని పక్షులకు ఆ రంగులతోనే చెబుతుంది.

"దీని పేరేంటి?" అని టీ ఆయన్ని అడిగాడు మావాడు.

"సీతాకోకచిలుకే బిడ్డా, ఇంకేం పేరుంటది?"

ఇంగ్లీషులో కామన్ జెజెబెల్ అంటారని నేను చెప్పాను. ఆదివారం చర్చి తప్పని మా స్నేహితుడు పకపకా నవ్వాడు. "యెజెబెలా? ముఖానికి రంగు పూసుకుని కిటికీలోంచి చూసిన రాణి కదరా!" బైబిల్లో ఆమెకు మంచిపేరు లేదు. ఇంత అందంగా ఉన్నదానికి ఆ పేరు అంటగట్టడమే కాక, ముందర 'కామన్' అని కూడా తగిలించారు. మనవాళ్లు నయం, సీతమ్మ కోకే కట్టబెట్టారు.

అది మళ్లీ కొమ్మ పైకి పోయింది. కిందికి దిగేదాకా కూర్చోవాలంటే ఏదో ఒకటి తాగాలి కదా. టీలో చక్కెర దండిగా ఉంది. అయినా తలా మూడు తాగాం.