చెవిపోటని పోతే సూది వెయ్యకుండా పంపించారు

మా బుడ్డోడికి ఏడాదిన్నర. సర్ది పట్టిన నాలుగో రోజు రాత్రి ఒకటే ఏడుపు, పడుకోబెడితే ఇంకా ఎక్కువ, భుజాన వేసుకుంటే కాస్త నయం, కుడి చెవి గుంజుకుంటూనే ఉన్నాడు. మా అత్తమ్మ అప్పటికే కొబ్బరినూనెలో ఎల్లిపాయ వేసి కాచింది, ఎలాగో ఆపాను. పొద్దున మా ఆయన మెడికల్ షాపులో అడిగితే పిల్లాణ్ణి చూడకుండానే చుక్కల మందు చేతిలో పెట్టారు. అదీ వెయ్యలేదు. సాయంత్రం నల్లగొండలో క్లాక్ టవర్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక ఈఎన్‌టీ క్లినిక్‌కి పోయాం.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తా. టోకెన్ 31, రెండున్నర గంటలు కూర్చున్నాం, ఏడ్చే పిల్లల్ని ముందు పంపుదామన్న ఆలోచనే కౌంటర్‌లో లేదు.

లోపలికి పోయాక మాత్రం డాక్టరమ్మ తొందరపడలేదు. లైటు గొట్టంతో ముందు బాగున్న చెవి చూసి, వాడు కుదురుకున్నాక కుడిది చూసింది. కర్ణభేరి ఎర్రగా ఉబ్బింది, చిల్లు పడలేదు, చీము దాని వెనక ఉంది, మీరు పైనుంచి నూనె పోసినా చుక్కలు వేసినా అక్కడిదాకా పోదు అంది. (అత్తమ్మ పక్కనే ఉంది, నేనేం అనలేదు.) ముక్కు వెనక నుంచి చెవిలోకి పోయే గొట్టం ఈ వయసులో పొట్టిగా, అడ్డంగా ఉంటుందట, అందుకే సర్ది చెవికి దిగుతుంది. పడుకోబెట్టి పాల సీసా ఇస్తున్నారా అంటే ఈసారి నేను తల దించుకున్నా.

నాకు బాగా నచ్చింది ఇది: సంచిలో ఉన్న పారాసిటమాల్ సీసా తియ్యమని, దాని మీద 250 (అంటే 5 ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాముల మందు) అని ఉంటే వేలు పెట్టి చూపించింది. మావాడు 10 కిలోలు, ఇది 3 ఎంఎల్, 125 సీసా అయితే 6 ఎంఎల్. నేను రాత్రి 250ది 5 పోశాను! మళ్లీ అలా చెయ్యకండి అంది, అంతే, అరవలేదు.

అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ 10 రోజులు, సీసాలో పొడిగా వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు గీతదాకా కలపాలి, కలిపిన సీసా వారమే పనికొస్తుంది కాబట్టి రెండు రాసింది. రెండేళ్లు దాటి నొప్పి తక్కువుంటే రెండు మూడు రోజులు ఆగి చూసేదాన్నని కూడా చెప్పింది. మూడో రోజుకి పిల్లాడు నిద్రపోయాడు, మేమూ పడుకున్నాం.

మళ్లీ చూపించడానికి పోతే ఫీజు తీసుకోలేదు. టోకెన్ మాత్రం 27.