గుంటూరు బ్రాడీపేటలో మ్యాపులు ప్రింట్ తీసే షాపు: నాలుగు స్టార్లు

జిరాక్స్ షాపుకి కూడా రివ్యూ రాస్తారా అని మా ఆవిడ నవ్వింది. రాయాల్సిందే.

మా అత్తగారిది గుంటూరు నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న చిన్న పట్టణం, పేరెందుకులెండి. ఈమధ్య అక్కడ మాస్టర్ ప్లాన్ ముసాయిదా వదిలారు. ఏ స్థలంలో ఇళ్ళు, ఎక్కడ షాపులు, ఎటు రోడ్డు అన్నీ అందులోనే ఉంటాయి, అభ్యంతరాలుంటే గడువులోపు రాసివ్వాలి. నోటీసేమో ఇంగ్లీషులో, మ్యాపేమో పీడీఎఫ్‌లో. ఫోన్లో తెరిస్తే హోలీ ఆడొచ్చిన చొక్కాలా ఉంది, పెద్దది చేస్తే మసక. మీటింగు కూడా పెట్టారు, మిరపకోతల రోజుల్లో, బుధవారం పొద్దున 11 గంటలకి. మా మావయ్య వెళ్ళి టీ తాగి, సంతకం పెట్టి వచ్చారు. ఏం చెప్పారు మావయ్యా అంటే "అభివృద్ధంట అల్లుడూ" అన్నారు. అంతే.

అప్పుడు ఎవరో ఈ షాపు సంగతి చెప్పారు. షాపాయన ఒకప్పుడు ఇంజినీర్లకి ప్లాన్ల కాపీలు (అమ్మోనియా ప్రింట్లు) తీసేవాడట, ఇప్పుడు పెద్ద కాయితాల మీద ప్రింట్ తీసే ప్లాటర్ ఉంది. మేం వెళ్ళేసరికే మా అత్తగారి ఊరి మ్యాపు నాలుగు ఏ0 షీట్ల (మీటరు పైగా పొడవుండే కాయితాలు) మీద తీసి, అతికించి, గోడకి కొట్టి ఉంది. అది కూడా ఎత్తున కాదు, మనిషి వేలు అందే ఎత్తులో. పసుపు అంటే ఇళ్ళు, నీలం వ్యాపారం, ఊదా పరిశ్రమలు, ఎరుపు బడులూ ఆస్పత్రులూ ఆఫీసులూ, ఆకుపచ్చ పార్కులు అని పక్కనే తెలుగులో చేత్తో రాసి పెట్టాడు. ఆఫీసువాళ్ళు చెయ్యాల్సిన పని ఇది కదా అనుకున్నాను.

"ముందు మీ సర్వే నంబరు చెప్పు బాబాయ్" అన్నాడు మావయ్యతో. మీసేవలో తెచ్చుకున్న ఎఫ్ఎంబీని, అంటే ఆ సర్వే నంబరు కొలతల పటాన్ని, సైజు తగ్గించి బటర్ పేపర్ మీద తీసి మ్యాపు మీద పరిచాడు. ఇక్కడొకటి చెప్పాలి. ఆ మ్యాపు స్కేలు 1:10000, అంటే మ్యాపు మీద సెంటీమీటరు నేల మీద 100 మీటర్లు. మావయ్యది మూడు సెంట్ల ఇల్లు, అది అక్కడ ఒక మిల్లీమీటరు, ఆవగింజంత. 60 అడుగుల రోడ్డంటే రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. గీసినవాడి చెయ్యి కాస్త పక్కకి జరిగితే ఒక వరస ఇళ్ళు పోతాయి, లేదా బతికిపోతాయి. మావయ్య కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. గీత ఆ వరస మీదే ఉంది!

రోడ్డు కన్నా పెద్ద తప్పు పక్కనున్న ముసలాయన పట్టుకున్నాడు. "మన డొంక యాడుందయ్యా ఇందులో?" డొంకంటే పొలాల బండిదారి, వానొస్తే ఊరి నీళ్ళన్నీ దాని మీదుగానే వాగులోకి పోవాలి. మ్యాపులో డొంకే లేదు, అంతా పసుపు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మేడలెక్కి కూర్చున్నవాళ్ళని చూశాం, ఇది ఏదో చిన్న పొరపాటులే అని వదిలెయ్యబుద్ధి కాలేదు. అరగంటలో షాపులో పదిమంది, అరుపులు, వేళ్ళన్నీ గోడ మీదే. ఆ బుధవారం మీటింగు ఇలా జరగాల్సింది.

అర్జీ కూడా ఆయనే రాయిస్తాడు. మా ఊరికి అన్యాయం జరిగింది లాంటి మాటలు తీసేస్తాడు. సర్వే నంబరు, మ్యాపులో ఏముంది, నేల మీద ఏముంది, బదులుగా ఏం కావాలి, అంతే. నలభై సంతకాలతో ఒకటి కాదు, ఎవరిది వాళ్ళు ఇవ్వండి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోకుండా కదలొద్దు అంటాడు. అమరావతి రాజధాని పల్లెల్లో ల్యాండ్ పూలింగ్ అప్పుడు భూమి ఇవ్వడానికి ఒప్పుకుంటే 9.3, అభ్యంతరముంటే 9.2 అని ఫారాల నంబర్లు ముసలమ్మలకి కూడా నోటికొచ్చాయి. మా అత్తగారి ఊళ్ళో ఫారమంటూ లేదు, తెల్లకాయితమే. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికనీ భూవినియోగాన్నీ మునిసిపాలిటీల పనుల జాబితాలో చేర్చింది, కానీ వార్డు కమిటీలు తప్పనిసరి అన్నది మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్ళకే. ఇలాంటి చిన్న ఊళ్ళకి ఈ షాపు గోడే వార్డు కమిటీ.

ఇక స్టారు ఎందుకు కోశానంటే, మధ్యాహ్నం ఒకటిన్నరకి షట్టర్ దించితే నాలుగింటి దాకా లేపడు. కూర్చోడానికి ఒక్కటే స్టూలు, మావయ్య గంటసేపు నిలబడ్డారు. టైపింగ్ అను ఫాంట్స్‌లో చేస్తాడు, ఫైలు అలాగే మెయిల్ చేస్తే, ఆ ఫాంట్లు లేనివాళ్ళకి అవతల పిచ్చిగీతలు కనిపిస్తాయి, పీడీఎఫ్ చేసి ఇమ్మని అడగండి. కలర్ ఏ0 షీటుకి 250 తీసుకున్నాడు, నాకైతే ఎక్కువ అనిపించలేదు.

మావయ్య వీధివాళ్ళవి 23 అర్జీలకి స్టాంపు పడింది, జవాబు ఇంకా రాలేదు. వెళ్ళేవాళ్ళు మ్యాపు ఒరిజినల్ ఫైలు పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్ళండి, స్క్రీన్‌షాట్ చూపిస్తే తిడతాడు. పొద్దున 11 లోపే వెళ్ళండి, ఆ తర్వాత కాలేజీ పిల్లల రికార్డులు, స్పైరల్ బైండింగులతో మిమ్మల్ని పట్టించుకోడు.